మెడ దగ్గరి తోలు

తబితకు డెబ్భై ఒకటో ఏడు వచ్చేసరికి ఓల్డ్ క్రో ఊళ్ళో ఆమెను ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఒకరు చర్చి పాస్టరు, ఇంకొకరు నర్సు. ఇద్దరూ పరాయి ఊరివాళ్ళు, పాపం వాళ్ళకు తెలీదు. మిగతా ఊరంతటికీ ఆమె పొయ్యిగొట్టం. ఆ మాట మొహాన అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. ఆమె చేతిలో ఎప్పుడూ ఒక ఎముక ఉంటుంది. మూస్ దుప్పి కాలి ఎముకను ఏటవాలుగా కోసి, అంచున పళ్ళు తీసిన ఎముక. అది తోలు గీకడానికి. ఆమె భర్త ఈనక్ బతికున్న రోజుల్లో అది ఇంకా కొన్ని పనులకు కూడా పనికొచ్చేదని పాతవాళ్ళు చెబుతారు.

ఆ పేరు పెట్టింది పగవాళ్ళు కాదు, తోడబుట్టిన అక్క నయోమి.

నయోమి అలాస్కా వాణ్ణి చేసుకుని సరిహద్దుకు అవతల, అమెరికాలో, ఫోర్ట్ యూకాన్‌లో స్థిరపడింది. తబిత ఇవతల కెనడాలో ఉండిపోయింది. మధ్యలో రెండు రోజుల పడవ ప్రయాణం. నలభై ఏళ్ళ కిందట నయోమి కూతురి పెళ్ళికి తబిత ఒక మూస్ తోలు పట్టుకెళ్ళింది. ఎవరి సాయమూ లేకుండా తాను గీకి, పిసికి, పొగబెట్టిన మొదటి పెద్ద తోలు అది. పెళ్ళి జరుగుతున్న హాల్లో అందరి ముందూ నయోమి ఆ కట్ట విప్పింది. వీపు చూడలేదు, పొట్ట చూడలేదు, తిన్నగా మెడ దగ్గరికి పోయింది. ఏ తోలుకైనా మెడ భాగం మహా మొండిది. మందంగా ఉంటుంది, ఎంత పిసికినా లొంగదు, పని ఎగ్గొట్టినవాళ్ళు అక్కడే దొరికిపోతారు. నయోమి దాన్ని రెండు చేతులతో మడిచి వదిలింది. అది మడత నిలవకుండా చటుక్కున లేచి బిర్రుగా నిలబడింది.

"పర్లేదులేవే తబితా," అంది నయోమి, హాలు చివర కూర్చున్న చెవిటి ముసలాయనకు కూడా వినపడేట్టు. "చుట్టి పెట్టుకుంటే పొయ్యికి గొట్టంగా పనికొస్తుంది."

హాలంతా పడీపడీ నవ్వింది. సరిహద్దుకు రెండువైపులా బతికే వాళ్ళ గ్విచిన్ జనానికి మాంసం తర్వాత అంత ఇష్టమైన పని మనుషులకు పేర్లు పెట్టడం. తబిత తిరిగి వచ్చి ఓల్డ్ క్రో ఒడ్డున కాలు పెట్టేసరికి ఆ పేరు ఆమె కంటే ముందే వచ్చి కూర్చుంది.

ఆ తర్వాత నలభై ఏళ్ళూ అక్కాచెల్లెళ్ళ మధ్య తోళ్ళే నడిచాయి. రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకటి తబిత పంపేది, దానికో మాట నయోమి తిప్పి పంపేది. టెలిఫోన్లు లేని ఆ రోజుల్లో అడవుల్లో ఉన్నవాళ్ళ కోసం రేడియోలో కబుర్లు చదివేవారు. ఫలానా ఆవిడ ప్రసవించింది, ఫలానా ఆయన వచ్చేటప్పుడు గోధుమపిండి తెమ్మన్నాడు, ఇలా. వాటి మధ్య అనౌన్సరు గొంతు సవరించుకుని గంభీరంగా చదివేవాడు: "ఓల్డ్ క్రోలో ఉన్న తబితకు, ఫోర్ట్ యూకాన్ నుంచి అక్క నయోమి తెలియజేయునది. తోలు అందింది. తలుపు చెక్క విరిగితే దాన్నే బిగించాం. చలిగాలి ఆగింది." నదికి రెండువైపులా ఉన్న ప్రతి గుడారంలోనూ టీ తాగుతున్నవాళ్ళకు పొలమారేది.

తబిత కూడా ఊరుకునే రకం కాదు. నయోమి ఎండబెట్టిన చేపను ఒకసారి తిరుగు పడవలో వాపసు పంపి, "కుక్కలు కూడా ముట్టలేదు, పరలోక ప్రార్థన చేసి పాతిపెట్టు," అని చీటీ రాసింది. కానీ చేపల మీద ఎన్ని మాటలన్నా గొట్టం పేరు మాత్రం పోలేదు.

ఇద్దరికీ తోలు పని నేర్పింది తల్లి సలోమి. అప్పట్లో వాళ్ళ కుటుంబం నది ఒడ్డున రాంపార్ట్ హౌస్ అనే ఊళ్ళో ఉండేది. ఇప్పుడక్కడ నాలుగు పాత దుంగల ఇళ్ళు తప్ప మనుషులు లేరు. సర్వేవాళ్ళు ఎప్పుడో వచ్చి, కొండ మీద నుంచి నది దాకా చెట్లు నరికి తిన్నటి గీత తీసి, ఒడ్డున ఒక లోహపు స్తంభం పాతి, ఇటు ఒక దేశం, అటు ఒక దేశం అని చెప్పి వెళ్ళిపోయారు. ఎందుకు పాతారో సలోమికి అర్థం కాలేదు గానీ, ఎంత లాగినా కదలని స్తంభం ఇంటి పక్కనే దొరికినందుకు చాలా సంతోషించింది. తడి తోలును దానికి తగిలించి, రెండో కొసలో కర్ర దూర్చి, మెలితిప్పి పిండేది. రెండు ప్రభుత్వాలూ కలిసి ఆమెకు చేసిన ఉపకారం అదొక్కటే. ఆ స్తంభం పక్కన గీత మీద గొంతుకూర్చుని, అక్కాచెల్లెళ్ళం ఒకే విడతలో రెండు దేశాలనూ తడిపేవాళ్ళమని తబిత ఇప్పటికీ చర్చి మెట్ల మీద నిలబడి చెబుతుంది, పాస్టరు గారు వింటుండగానే.

సలోమి పదును పెట్టిన తోలు, మెడతో సహా, పిల్లల దుప్పటిలా ఒళ్ళో జారిపోయేది. ఆమె పోయి యాభై ఏళ్ళు దాటింది. ఆమె పని తమకు రాలేదన్న ఒక్క విషయంలోనే కూతుళ్ళిద్దరికీ ఏకాభిప్రాయం ఉంది.

కిందటేడు ఆకురాలు కాలంలో నయోమి కూతురు ఫోన్ చేసింది. అమ్మకు కళ్ళు పూర్తిగా పోయాయి, ఊపిరితిత్తులు కూడా పాడయ్యాయి, ఇంకో ఏడాది ఉంటే గొప్ప అన్నాడట డాక్టరు. తబిత ఫోన్ పెట్టేసి చాలాసేపు పొయ్యి ముందు కూర్చుంది. అక్క పోతుందని ఏడుపొచ్చింది. ఆ ఒక్క మాట అనకుండానే పోతుందని ఒళ్ళు మండింది. మెత్తగా ఉంది, అంతే. నలభై ఏళ్ళుగా అక్క నోట ఆమె వినాలనుకున్నది ఆ రెండు మాటలే. గొట్టం అన్న పేరు పెట్టిన మనిషే దాన్ని తీసెయ్యాలి. ఆ మనిషి కాస్తా సమాధిలోకి వెళ్ళిపోతే ఇక దేవుడు దిగి వచ్చినా తీసెయ్యలేడు. తబితకూ కుడి భుజం పడిపోతోంది. ఇంకో తోలుకు ఓపిక ఉంది, రెండోదానికి లేదు.

ఆ వారమే ఆమె మేనల్లుడు ఆబెల్ వేట నుంచి వచ్చాడు. చనిపోయిన తమ్ముడి కొడుకు, నలభై దాటిన మనిషి, ఊళ్ళో అందరికన్నా మంచి వేటగాడు. అందుకే వేట గురించి ఎప్పుడూ నోరు విప్పడు. పడవ ఒడ్డుకు లాగి, మాంసం మీద కప్పిన కొమ్మలు తీసి, "అత్తా, ఇది పెద్దత్తది," అన్నాడు. అంతే. ఆ మాటతో ఆ మూస్ నయోమిది అయిపోయింది. మాంసంలో ఊరికి పంచాల్సింది పంచి, నయోమి వంతు వరుగులు చేసి, ఎముకలు కాచి కొవ్వు తీసి డబ్బాకు పట్టారు. తోలు తబిత ఇంటి వెనక పాకలోకి చేరింది.

వసంతంలో మంచు కరగగానే తబిత దాని మీద పడింది. లోపలి మాంసం గీకింది, పైన వెంట్రుకలు గొరిగింది, నానబెట్టింది, పిండింది, ఎండబెట్టి మళ్ళీ గీకింది. తోలు మెత్తబడటానికి, కుళ్ళబెట్టిన మూస్ మెదడు కలిపిన నీళ్ళలో ముంచింది. ఆ వాసనకు పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. పాస్టరు గారు పరామర్శకు వచ్చి, గుమ్మంలోనే ప్రార్థన ముగించి వెళ్ళిపోయారు. మామూలుగా రెండుసార్లు మెదడు పట్టించేచోట ఆమె అయిదుసార్లు పట్టించింది. మెడ దగ్గర ఏడుసార్లు. ఒక్కో రోజు భుజం లేవక, కర్రను పొట్టకు ఆనించి ఒంటి చేత్తో మెలితిప్పింది. పుచ్చిపోయిన కర్రతో మూడు రోజులు పొగబెట్టింది. ఆగస్టు చివరికి తోలు లేత గోధుమరంగు తిరిగింది. అప్పుడు కూడా ఆమె మెడ మడిచి చూడలేదు. తన చేతులు తనకే అబద్ధం చెబుతాయేమోనని భయం.

ఇక కాగితం. ఆ మధ్య సరిహద్దు దగ్గర పట్టింపులు పెరిగాయి. వేటమాంసమైనా తోలైనా కాగితం లేనిదే దాటించకూడదు అంటున్నారు. ఊరి ఆఫీసులో ఫారాలు నింపేది రోడా అనే అమ్మాయి. ఆమె పెన్ను తీసి చదివింది.

"వేటాడినవారి పేరు, అని ఉంది అత్తా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆబెల్ పేరు రాస్తే, నేను చంపానహో అని ఆబెల్ కాగితం ఎక్కి దండోరా వేసినట్టే. అలా గొప్పలు పోయే మగాడికి మళ్ళీ ఏ జంతువూ ఎదురురాదు.

"ఇంతకీ మూస్ ఎవరిది?" అంది రోడా.

"నయోమిది."

"మరింకేం," అని రోడా ఆ గడిలో నయోమి పేరు గుండ్రటి అక్షరాలతో రాసి, ముద్ర కొట్టింది. ఇద్దరిలో ఒక్కరికి కూడా అందులో తప్పేముందో తట్టలేదు.

సెప్టెంబరు మొదటి వారంలో అత్తా అల్లుడూ ఆబెల్ పడవలో బయల్దేరారు. వరుగుల మూట, కొవ్వు డబ్బా, కాన్వాసు గుడ్డలో చుట్టిన తోలు. రాంపార్ట్ హౌస్ దగ్గర ఆగి టీ కాచుకున్నారు. తబిత పాత స్తంభం దాకా నడిచి వెళ్ళి దాన్ని అరిచేత్తో తట్టింది.

"ఏమే, అమ్మ పోయాక నీకు పనేం లేదుగా," అంది దానితో.

"అత్తా, తొందరగా రా," అని పడవలోంచి కేకేశాడు ఆబెల్. "రెండు దేశాలనీ తడిపేసి వస్తానంటే మాత్రం నేను అటు తిరుగుతాలే."

"ఇప్పుడు ఒక దేశానికే చాలట్లేదురా," అంటూ మోకాళ్ళు పట్టుకుని దిగి వచ్చింది తబిత.

మర్నాడు మధ్యాహ్నం ఫోర్ట్ యూకాన్ ఒడ్డున పడవ ఆగేసరికి అక్కడ ఒక ఆఫీసరు నిలబడి ఉన్నాడు. ఎక్కడో దక్షిణాన ఎండలు మండే ఊరి కుర్రవాడు. చలికి చెవులు ఎర్రబడ్డాయి. నదిలో వచ్చిపోయే పడవలను కొన్నాళ్ళు తనిఖీ చేయమని విమానంలో పంపారట. కాళ్ళకున్న కొత్త బూట్లు అడుగు వేస్తే కిర్రుమంటున్నాయి. వచ్చిన గంటలోనే ఊరు అతనికి కిర్రుబూట్లు అని పేరు పెట్టేసింది.

"మేడమ్, ముందే చెప్తున్నాను," అన్నాడు కాగితం తీసుకుంటూ. "ఆఫీసరుకి అబద్ధం చెప్పడం నేరం. అయిదేళ్ళ దాకా జైలు పడొచ్చు."

"లోపల వెచ్చగా ఉంటుందా?" అంది తబిత.

"ఏమిటి?"

"జైల్లో. హీటరు ఉంటుందా?"

"ఉంటుంది మేడమ్."

"తిండి?"

"మూడు పూటలా పెడతారు."

తబిత ఆబెల్ వైపు తిరిగింది. "విన్నావట్రా? కట్టెలు కూడా కొట్టుకోనక్కర్లేదు."

ఆఫీసరు వినిపించుకోనట్టు కాగితం చదివాడు. "వేటాడినవారు, నయోమి. ఈవిడ ఎవరు?"

"మా అక్క. అదిగో, ఆ నీలం తలుపు ఇల్లు."

"వయసు?"

"డెబ్భై తొమ్మిది. కళ్ళు కనపడవు. గుమ్మం దాటే ఓపిక లేదు."

ఆఫీసరు కాగితం దించాడు. "అంటే, కళ్ళు కనపడని డెబ్భై తొమ్మిదేళ్ళావిడ, గుమ్మం దాటకుండా, లైసెన్సు లేకుండా, పక్క దేశంలో మూస్‌ని కాల్చింది. అంతేనా?"

"అబ్బే, ఆవిడ అటు రాలేదు నాయనా."

"మరి మూస్ ఇటు వచ్చిందా?"

"అదెక్కడికొస్తుంది? చచ్చిపోతే."

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఇద్దరు ముగ్గురు చేతిలో పని ఆపి దగ్గరగా జరిగారు. ఆఫీసరుకు తల ప్రాణం తోకకొచ్చింది. అతను ఆబెల్ వైపు తిరిగాడు.

"మీరు చెప్పండి సార్. దాన్ని కాల్చింది ఎవరు?"

ఆబెల్ నది వైపు చూశాడు. "ఆ రోజు నేను అటువైపు వెళ్ళాను."

"వెళ్ళి?"

"అదీ వచ్చింది."

"వస్తే?"

"తుపాకీ పేలింది."

"తుపాకీ ఎవరిది?"

"నాదే."

"పేలినప్పుడు ఎవరి చేతిలో ఉంది?"

ఆబెల్ మొహం కందగడ్డ అయింది. వల దగ్గరివాళ్ళు సిగ్గుతో తలలు పక్కకు తిప్పుకున్నారు, మగాణ్ణి ఇంత నిలదీయడం వాళ్ళు చూడలేకపోయారు. "నా చేతిలోనే ఉందనుకుంటా," అన్నాడు చివరికి, వినపడీ వినపడనట్టు. జన్మలో ఇన్ని గొప్పలు పోలేదని తర్వాత చాలా రోజులు చెప్పుకున్నాడు.

ఆఫీసరు నయోమి పేరు కొట్టేసి ఆబెల్ పేరు రాశాడు. ఆబెల్ లైసెన్సు చూశాడు. వరుగులు వాసన చూసి మూట కట్టేయమన్నాడు. కొవ్వు డబ్బా మూత తీసి వెంటనే పెట్టేశాడు. మాంసం గండం గడిచింది. తర్వాత కాన్వాసు గుడ్డ విప్పించాడు. పొగ వాసన గుప్పున కొట్టింది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇది పచ్చితోలా, పదును పెట్టిందా?"

తబితకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎముక కోసం చెయ్యి సంచిలోకి పోయింది. ఆబెల్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"పచ్చితోలా! ఒరే, వేసవంతా నా భుజం ఊడిపోయేలా పిసికానురా దీన్ని!"

"మేడమ్, నాకు తోళ్ళ గురించి తెలీదు. పని పూర్తయిన తోలైతే వస్తువు కింద లెక్క, వదిలేస్తాను. సగం పచ్చిగా ఉంటే మాత్రం ఇక్కడే ఆపి పరీక్షకి పంపాలి. చాలాసార్లు తిరిగి రాదు, తగలబెట్టేస్తారు." అతను చుట్టూ చూశాడు. "ఊళ్ళో దీని గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పమనండి, రాసుకుంటాను."

ఒడ్డున ఉన్న చేతులన్నీ ఒకేసారి నీలం తలుపు వైపు లేచాయి.

"అదెలా కుదురుతుంది?" అన్నాడు ఆఫీసరు. "తోలు పుచ్చుకునేది ఆవిడే కదా. బాగుందనే చెబుతుంది."

ఒడ్డంతా నవ్వు లేచింది. వల పట్టుకున్న పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు: "బాబూ, ఈవిడ చేసిన తోలు బాగుందని చచ్చినా అనని మనిషి ఈ భూమ్మీద ఒక్కరుంటే, అది నయోమే. నలభై ఏళ్ళుగా ఊరంతా సాక్ష్యం."

ఆఫీసరుకు అది నచ్చింది. తోలు భుజాన వేసుకుని కిర్రుకిర్రుమంటూ నడిచాడు. తబిత వెనకే నడిచింది. అక్క నోట వినాలనుకున్న మాట ఇప్పుడు సర్కారువాడి ముందు తేలాలి. అక్క ఎప్పటిలా నవ్వులాటకు గొట్టం అందంటే తోలు పోతుంది, ఇంకో తోలు చేసే భుజం లేదు, చూసే టైమూ అక్కకు లేదు. ముందుగా ఒక్క మాట చెవిన వేద్దామా అంటే ఆఫీసరు పక్కనే ఉన్నాడు. అతను లేకపోయినా వేసేది కాదేమో. అడుక్కుని తెచ్చుకున్న మాటైతే ఆమెకు ఎందుకు?

నయోమి పొయ్యి పక్కన కుర్చీలో ఉంది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. మనిషి సగమైంది. చేతులు మాత్రం అలాగే ఉన్నాయి, వెడల్పుగా, పొగచూరి. అడుగుల చప్పుడుకు తల ఎత్తింది.

"పొయ్యిగొట్టమా?"

"నేనే అక్కా. ఇప్పుడు గొట్టం నీకే పెట్టినట్టున్నారుగా."

నయోమి దగ్గూ నవ్వూ కలిసి కాసేపు ఊగిపోయింది. "దొంగముండా," అంది ఊపిరి అందాక. "ఆ కిర్రుమనే జంతువేంటి?"

ఆఫీసరు తానెవరో చెప్పుకున్నాడు. వచ్చిన పని చెప్పాడు. అబద్ధం చెబితే అయిదేళ్ళ జైలన్నది ఇక్కడ కూడా చెప్పాడు, ఆక్సిజన్ సిలిండర్ వైపు చూస్తూ కాస్త మెల్లగా. తర్వాత తోలు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు.

నయోమి వీపు తడమలేదు. పొట్ట తడమలేదు. వేళ్ళు అంచు పట్టుకుని నడుచుకుంటూ తిన్నగా మెడ దగ్గరికి పోయాయి. నయోమి ఆ మెడను మడిచింది. వదిలింది. మళ్ళీ మడిచింది. అంచు తీసి పళ్ళ మధ్య పెట్టి కొరికింది. చెంపకు ఆనించుకుంది. ముక్కు దానిలో పెట్టి, ఉన్న కాస్త ఊపిరితో వాసన పీల్చింది. ఆమె వేళ్ళు ఒకచోట ఆగాయి. గీకేటప్పుడు పడిన చిన్న చిల్లిని తబిత అక్కడ కుట్టింది. కుట్టు మీద బొటనవేలు రెండుసార్లు పోయింది.

తబిత నేల మీది చెక్కలు లెక్కపెడుతోంది.

"అయితే?" అన్నాడు ఆఫీసరు. "పచ్చిగా ఉందా?"

"ఉండు, తొందరేంటి. నీ బూట్లేం పారిపోవు." నయోమి ఇంకోసారి మెడ మీద చెయ్యి ఆడించింది. "పూర్తయింది."

"పూర్తవడమంటే ఎలా రాసుకోను?"

"మెత్తగా ఉంది అని రాసుకో. మెడ కూడా. మా అమ్మ చేసినట్టుంది అని రాసుకో. అమ్మ పేరు సలోమి. స్పెల్లింగ్ నాకు రాదు."

ఆఫీసరు అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. సలోమి ఎవరో, ఆవిడ లైసెన్సు ఏమిటో అడగబోయి, ఎందుకో మానుకున్నాడు. నయోమి బొటనవేలి ముద్ర తీసుకున్నాడు. ఆబెల్ అతని చేతిలో గుప్పెడు వరుగులు పెట్టాడు. బూట్లు కిర్రుమంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాయి. ఆబెల్ కూడా పడవ కట్టాలని వెళ్ళిపోయాడు. పడవ ఎప్పుడో కట్టేసి ఉంది.

అక్కాచెల్లెళ్ళు ఇద్దరే మిగిలారు. తబిత పొయ్యిలో కర్ర వేసింది. అక్కర్లేకపోయినా ఇంకోటి వేసింది. నలభై ఏళ్ళు ఎదురుచూసిన మాట వచ్చేసింది, కానీ చేతికి అందలేదు. సర్కారువాడు తోలు పట్టుకుపోతాడని అన్న మాట అది. చెల్లెలి మీద జాలితో కూడా అని ఉండొచ్చు, నయోమి ఎంత రాక్షసైనా అక్కే కదా.

"చెప్పులు కుట్టు నాకు దీంతో," అంది నయోమి. "పూసలేం వద్దు. శవపెట్టెలో ఎవడు చూస్తాడు. మెడ ముక్క అరికాళ్ళ కింద వెయ్యి."

"అరికాళ్ళకి గట్టి తోలు వెయ్యాలక్కా."

"నేనేం నడిచి వెళ్తున్నానా?"

తబిత కత్తి తీయలేదు. తోలు ఒక అంచు పట్టుకుని కూర్చుంది. రెండో అంచు నయోమి ఒళ్ళో ఉంది.

"అక్కా. వాడు తోలు పట్టుకుపోతాడనేగా అలా అన్నావు?"

"ఏమన్నాను?"

"మెత్తగా ఉందని."

నయోమి గుడ్డి కళ్ళు పొయ్యి వైపు తిప్పుకుంది. "నువ్వే విన్నావుగా. ఆఫీసరుకి అబద్ధం చెబితే జైలంట. ఈ వయసులో నాకెందుకొచ్చిన గొడవ? నిజం చెప్పేశా."

తబితకు ఆ మాట లోపలికి దిగడానికి కాసేపు పట్టింది. దిగాక కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా తోలు మీద పడ్డాయి. చిన్నపిల్లలా ముక్కు ఎగబీల్చింది. అంతలోనే ఇంకోటి తట్టి, ఒంట్లో ఉన్న కోపమంతా లేచి వచ్చింది.

"మరి ఆ నలభై ఏళ్ళ సంగతేంటే?" అంది అక్కను భుజం పట్టి ఊపుతూ. "తలుపు చెక్క అన్నావు, గొట్టం అన్నావు, రేడియోలో చదివించావు!"

నయోమి తోలు మెడను చెంప కిందికి లాక్కుని, కుర్చీలో వెనక్కి వాలింది.

"నలభై ఏళ్ళలో ఏ ఆఫీసరూ రాలేదు కదే."